రోజుకు ఒక్కసారి కాచిన పాలు

మా ఇంట్లో పాలు రోజుకు ఒక్కసారే కాగేవి. ఆ పద్ధతి నేను పెట్టిందే. తెల్లవారి ఐదింటికి గేదెను పితికి, ఇంటికి కావలసినవి ఒక తపేలాలో ఉంచి, మిగతావి పాలకేంద్రంలో పోసి వచ్చేదాన్ని. తపేలా మీద తడిగుడ్డ కప్పి వంటగట్టు మీద ఓ మూల పెట్టేదాన్ని. సాయంత్రం నాలుగింటికి మళ్ళీ పితికిన పాలు అందులోనే కలిపి, రెండు పూటలవీ కలిపి ఒకేసారి కాచేదాన్ని. పొద్దుటి కాఫీకి నిన్నటి కాచిన పాలు ఉండనే ఉంటాయి. ఇక రెండుసార్లు గ్యాసు తగలెయ్యడం ఎందుకు? కొడుకు ఫ్రిజ్ కొన్నాడు గాని, ఇంట్లో నేను తప్ప మనుషులు లేనప్పుడు అది ఊరికే గుర్రుమంటూ తిరగడం నాకు నచ్చదు. పొద్దున అందరూ వెళ్ళగానే స్విచ్ కట్టేసేదాన్ని.

ఇందులో తప్పుందని నాకు అరవై ఎనిమిదేళ్ళు వచ్చేదాకా ఎవరూ చెప్పలేదు.

నేను మూడో తరగతి దాకా చదివాను. చదవడం బాగానే వచ్చు, రాయడం కూడబలుక్కుంటూ వచ్చు. మనవరాలి పాత నోటుబుక్కుల్లో వెనక మిగిలిపోయిన కాగితాల మీద ఇది రాస్తున్నాను. మా ఊరు బంటుమిల్లికి ఇవతల, కాలవ గట్టు వెంబడి ఉంటుంది. ఒకప్పుడు చుట్టూ వరే, ఇప్పుడు సగానికి సగం రొయ్యల చెరువులు. మా అబ్బాయి ఒక చెరువు దగ్గర మేత చల్లించి, మందులు కలిపించి, కాపలా చూసుకుంటాడు. కోడలు బస్సెక్కి చిలకలపూడి వెళ్ళి గిల్టు గాజులకి రాళ్ళు అంటించే పని చేస్తుంది. మనవరాలికి ఐదు నిండాయి. ఇంట్లో రోజంతా ఉండేది నేనూ, గేదే.

గేదె నాలుగీతలది. నా చేతిలోనే పెయ్యగా పెరిగింది. పాలు చిక్కగా ఇస్తుంది, తన్నదు, నేను దగ్గి ఓ మాట అంటే చాలు చేపి పాలు దింపుతుంది. ఇంకొకరు చెయ్యి వేస్తే మాత్రం ఎగబీల్చుకుని చుక్క వదలదు. దానికి రెండో ఈతలో ఒక చన్ను గట్టిపడింది. పితికితే విరిగిన పాలలా ముక్కలు ముక్కలుగా వచ్చాయి. పొదుగువాపు అన్నారు. ఊళ్ళో పశువులకి సూదులు వేసేవాడొకడు వచ్చి ఐదు రోజులు వెయ్యాలన్నాడు. రెండో రోజుకే వాపు తగ్గింది. తగ్గిన జబ్బుకి మందెందుకని అతన్ని ఇక రావద్దన్నాను. సీసాలో సగం పైగా మందు మిగిలింది. దానికి గట్టిగా బిరడా బిగించి గూట్లో పెట్టాను.

ఆ మిగిలిన మందు తర్వాతి వాపుకి వాడాను. అతను వేస్తుంటే చూసి చూసి సూది నాకే అబ్బింది. మూడో ఈతలో మళ్ళీ వస్తే మందుల షాపుకి పాత సీసా పట్టుకెళ్ళి అదే తెచ్చాను, మళ్ళీ రెండు రోజులే వేశాను. పొదుగులోకి ఎక్కించే మందు ట్యూబులు కూడా అంతే, సగం ఎక్కించి సగం దాచాను. దాచినదాంట్లో కొంచెం నా బొటనవేలికీ రాసుకున్నాను. నాది బొటనవేలు మడిచి పితికే అలవాటు. వేలి కణుపు దగ్గర పగిలి, చీము పట్టి, మూడు నెలలైనా మానలేదు. గేదెకి పనిచేసింది నాకు చెయ్యదా అనుకున్నాను. పసుపు రాశాను, సున్నం రాశాను, ఆ ట్యూబూ రాశాను. పితకడం మాత్రం ఒక్క పూట మానలేదు. సూది వేసిన రోజుల పాలు కూడా మానలేదు. వాచిన చన్ను వదిలేసి మిగతా మూడూ పితికి కేంద్రంలో పోశాను. అక్కడ వాళ్ళు వెన్న ఎంతుందో చూస్తారు గాని, ఇంకేమీ అడగరు.

పోయిన వేసవిలో ఓ శనివారం కోడలు పనినుంచి వస్తూ బందరులో బండి మీద నూడుల్స్ కట్టించుకొచ్చింది. తల్లీకూతుళ్ళు తిన్నారు. నేను ముట్టలేదు. తర్వాత పిల్ల గ్లాసుడు పాలు తాగింది, కోడలు టీ పెట్టుకుంది. నేను పాలు తాగను, అబ్బాయి ఆ రాత్రి చెరువు దగ్గరే ఉన్నాడు. ఏడు కొట్టకముందే పిల్ల కడుపు పట్టుకుని వాంతి చేసుకుంది. ఒకటి, రెండు, మూడు, ఇక లెక్క లేదు. పచ్చటి నీళ్ళు కూడా అయిపోయి ఊరికే డోకుతోంది. ఆ వెనకే కోడలికీ మొదలైంది. ఆటోలో ఇద్దర్నీ చెరోపక్కా ఒరిగించుకుని బందరు తీసుకెళ్ళాను. పిల్లల డాక్టరు ఇద్దరికీ సెలైన్లు పెట్టించాడు.

నోరు ఊరుకోదు కదా నాకు. మంచాల వాళ్ళందరూ వింటుండగా కోడల్ని కడిగేశాను. ఇంట్లో తెల్లటి చిక్కటి పాలు పెట్టుకుని బండి మీద మురికి తిండి తెచ్చి పిల్ల నోట్లో పెట్టావన్నాను. ఆ మాటకి పక్క మంచం ఆవిడ కూడా తలాడించింది. కోడలు చేతికి సెలైను ఉంది, నోరెత్తితే వాంతి వస్తుంది, కళ్ళు మూసుకుని పడుకుంది. మర్నాటికి ఇద్దరూ తేరుకున్నారు. ఇంటికొచ్చాక నీరసం పోవాలని పిల్లకి ఇంకో గ్లాసు పాలు ఎక్కువ పోశాను.

పన్నెండు రోజులు తిరక్కుండా మళ్ళీ అదే జరిగింది. ఈసారి నూడుల్స్ లేవు, కోడలు ఇంకా ఇంటికి రాలేదు. మధ్యాహ్నం పిల్ల తిన్నది నేను వండిన పప్పన్నమే. ఐదింటికి పాలు తాగింది. ఏడయ్యేసరికి నా ఒళ్ళో గుడ్డపీలికలా వేలాడిపోయింది. పెదాలు ఎండిపోయి, పిలిస్తే పలకలేదు. ఆటోలో దాని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చున్నాను, ఊపిరి తగులుతోందా లేదా అని. అదే వేలు, మానని పుండున్న వేలు.

ఆ డాక్టరు గట్టివాడే. ఏం తిన్నదని అడిగి, ఒక్కొక్కటీ తీసేస్తూ పాల దగ్గర ఆగాడు.

"పాలు కాచారా మామ్మగారూ?"

"పచ్చిపాలు తాగించే ఇల్లు కాదండీ మాది. మూడు పొంగులు రానిచ్చాను."

"పితికాక ఎంతసేపటికి కాచారు?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు. పొద్దుటివీ సాయంత్రంవీ కలిపి అని చెప్పాను. గేదె పొదుగు వాస్తోందా అన్నాడు. వాస్తుంది, తగ్గుతుంది అన్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకుని వేలు చూశాడు. చాలాసేపు చూశాడు.

ఆయన చెప్పింది నాకు అర్థమైనంతవరకు రాస్తాను. పొదుగువాపులోనూ, చీము పట్టిన పుండులోనూ ఉండే సూక్ష్మక్రిములు పాలలో పడతాయట. ఎండాకాలం గట్టు మీద పదకొండు గంటలు పెట్టిన పాలు వాటికి పెళ్ళిభోజనం. తిని, పెరిగి, పాలలోకి ఒక విషం వదులుతాయట. సాయంత్రం నేను కాస్తే క్రిములు చస్తాయి. అవి వదిలిన విషం చావదు. ఎన్ని పొంగులు రానిచ్చినా చావదు. వాసన రాదు, రుచి మారదు, పాలు విరగవు కూడా. నేను నమ్మలేదు. నిప్పు తగిలాక ఇంకా మిగిలేదేముంటుందన్నాను. కాని ఆ మాట నోట్లో ఉండగానే నాకే తట్టింది. పులుసులో ఉప్పు ఎక్కువైతే ఎంత మరిగిస్తే మాత్రం ఉప్పు పోతుందా? ఇంకా ఎక్కువవుతుంది.

అప్పుడే మా అత్తగారి దాలిగుంట కళ్ళముందుకి వచ్చింది. ఆవిడా రోజుకు ఒక్కసారే కాచేది. కాని పొద్దున పితికిన వెంటనే నురగ చల్లారకముందే కుండ దాలిలో పెట్టేది. పిడకల సన్నసెగ మీద సాయంత్రం దాకా కాగుతూనే ఉండేవి. నేను ఆవిడ దగ్గర ఒక్కసారి అన్నది నేర్చుకున్నాను, ఎప్పుడు అన్నది వదిలేశాను. దాలి పోయి గ్యాసు వచ్చాక ఆ ఒక్కసారిని సాయంత్రానికి జరిపింది నేనే.

కోడలు అప్పటికి పనినుంచి సరాసరి ఆసుపత్రికి వచ్చి మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. డాక్టరు మాటలన్నీ వింది. మర్నాడు పిల్లని ఎత్తుకుని బస్టాండుకి నడుస్తుంటే, సందు మొదట్లో నూడుల్స్ బండి దగ్గర ఒక్క క్షణం ఆగింది.

"అత్తయ్యా, ఇతనికి కూడా ఓ మాట చెప్పి రండి" అంది.

నేను తల తిప్పుకుని ముందుకి నడిచాను.

మా మండలంలో పశువుల డాక్టరు ఆడమనిషి. చిన్నవయసు. రోజూ గుడివాడ నుంచి బస్సులో వస్తుంది. ఆమె వచ్చి పొదుగంతా నొక్కి చూసి, చన్ను చన్నుకీ విడిగా పాలు చిన్న సీసాల్లో పట్టుకెళ్ళింది. బందరులో డాక్టరు నా వేలి చీము కూడా పరీక్షకి పంపించాడు. వారం పైన పట్టింది. గేదె పాల కాగితం పశువుల డాక్టరమ్మ తెచ్చింది, నా వేలి కాగితం ఆమె చేతిలో పెట్టాను. పాక ముందు నులకమంచం మీద రెండూ పక్కపక్కన పరిచి చూసుకుంది. మందుల పేర్లు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి, ప్రతిదాని పక్కనా ఒక ఇంగ్లీషు అక్షరం. ఎక్కువ చోట్ల ఒకటే అక్షరం.

"ఇవన్నీ ఇక పనిచెయ్యవని అర్థం మామ్మగారూ. వీటిలో మీరేవి వాడారు?"

గూట్లోంచి పాత సీసాలు, పిండేసిన ట్యూబులు తెచ్చి ముందు పెట్టాను. ఆమె ఒక్కొక్క సీసా తీసి పేరు చదువుతోంది, కాగితం మీద వేలు పెడుతోంది. పేరు చదవడం, వేలు పెట్టడం. ఏ ఒక్కటీ తప్పిపోలేదు. ఐదు రోజులు వెయ్యాల్సింది రెండు రోజులు వేస్తే బలహీనమైనవి చచ్చి మొండివి బతుకుతాయని, నేను మూడేళ్ళుగా ఆ మొండివాటినే సాకానని చెప్పింది. కేకలేస్తే బాగుండేది. మెల్లగా చెప్పింది. గేదె నుంచి నా వేలికి వచ్చిందా, నా వేలి నుంచి గేదెకి వెళ్ళిందా అని అడిగాను. రెండూ ఒకటే రకంలా ఉన్నాయి, ఎవరి నుంచి ఎవరికో ఇప్పుడు ఎవరూ చెప్పలేరంది.

"మరి ఈ కింద రెండిటి పక్కన వేరే అక్షరం ఉందిగా. అవి వెయ్యండి" అన్నాను.

"అవి మనుషులకి ప్రాణం మీదకి వస్తే వెయ్యడానికి దాచినవండీ. రేపు మీ మనవరాలికే కావాల్సి రావచ్చు. వాటిని గేదె మీద ఖర్చు చెయ్యను."

దాచడం అంటే ఏమిటో నాకు తెలుసుననుకున్నాను. ఆమె దాచేది వేరు.

పాలు ఇంట్లోకి రాకూడదంది. కేంద్రంలో పొయ్యకూడదు. పెరుగు తోడు పెట్టుకుంటానన్నాను, వద్దంది. పోనీ వెన్న తీసి నెయ్యి కాచుకుంటానన్నాను, అదీ వద్దంది. కుక్కకి? కోళ్ళకి తౌడులో కలిపి? ఆమె నవ్వు ఆపుకుంటోందని తెలిసినా అడుగుతూనే ఉన్నాను. గుంట తవ్వి అందులో పోసి సున్నం చల్లమంది. పోనీ పితకడమే మానేద్దామా అంటే, నిండు పాలమీద ఉన్న గేదెను ఒక్కసారిగా ఆపితే పొదుగు పగిలిపోయినంత పనవుతుంది, జ్వరం వస్తుంది, అది మళ్ళీ చూడితో ఉంది, కడుపులో దూడకి ముప్పు. అందుకని పూటపూటా పితకాలి. పితికినవి పారబొయ్యాలి. ఆ వేలికి గుడ్డ కట్టుకుని, పైన రబ్బరు తొడుగు వేసుకుని, ముందూ వెనకా సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

పెరట్లో అరటిచెట్ల అవతల నేనే గుంట తవ్వాను. అన్నం మెతుకు కింద పడితే కళ్ళకద్దుకుని తినే ఇల్లు మాది. మజ్జిగ గిన్నె కడిగిన నీళ్ళు కూడా కుడితిలో పోసేదాన్ని. అటువంటి నేను పొద్దున మూడు లీటర్లు, సాయంత్రం రెండు లీటర్లు నురగ నురగగా గుంటలో వంచి సున్నం చల్లేదాన్ని. పక్కింటావిడ గోడ మీంచి చూసి, దిష్టి తీస్తున్నారా వదినగారూ అని అడిగింది. అవునన్నాను. ఇంకేం చెప్పను? కేంద్రంలో పాలు ఎందుకు పొయ్యడం లేదని వాళ్ళూ అడిగారు. గేదె తగ్గించిందన్నాను. ఇన్నాళ్ళూ నేను పోసిన పాలు ఏ ఊళ్ళో ఏ పిల్ల గ్లాసులోకి వెళ్ళాయో ఎవర్ని అడగను? కేంద్రం ట్యాంకర్లో కలిసిన పాలకి పేరుండదు.

ఆ నెల రోజులూ నాకు ఇల్లు దాటే దారి లేదు. పెళ్ళికి పిలిస్తే వెళ్ళలేదు. నేను తప్ప ఎవరు పితికినా అది చేపదు. పిల్లకి నేను అన్నం కలిపి పెట్టకూడదు, జడ వెయ్యకూడదు, వేలు మానేదాకా. కోడలు ఆ మాట నోటితో అనలేదు. పిల్ల దువ్వెన నా అలమరలోంచి తీసి తన అలమరలో పెట్టుకుంది.

అమ్మేద్దామని మా అబ్బాయే అన్నాడు. వాపు పైకి కనపడటం లేదు, చూడి గేదె, ఎవరైనా కళ్ళకద్దుకుని తీసుకెళ్తారన్నాడు.

"కొన్నవాళ్ళు తాగరా?" అన్నాను.

"వాళ్ళు నీలా పదకొండు గంటలు ఉంచి కాస్తారా ఏంటమ్మా?"

ఆ మాట సూటిగా తగిలింది. కబేళాకైతే పంపుదామా అన్నాడు మళ్ళీ. కడుపుతో ఉన్నదాన్ని పంపనన్నాను. అయితే ఇదే దారి అన్నాడు. నేను ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఇంట్లో ఎదురుగా దూలం విరిగి పడుతున్నా నోరు మెదపకుండా కూర్చోవడం నాకు అలవాటు లేదు. ఆ రోజు మాత్రం కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, దాన్ని ఎవరో తోలుకెళ్ళిపోతే రేపు పొద్దున ఐదింటికి లేవక్కర్లేదని లోపల్లోపల అనిపించింది.

వాడి చెరువుకి మేత తెచ్చే లారీవాళ్ళ ద్వారా కబురు దివిసీమ దాకా వెళ్ళింది. అవనిగడ్డ అవతల నుంచి ఒక పెద్దాయన ఆదివారం పొద్దున్నే వచ్చాడు. వెంట ఆయన కూతురు, ఆమె చంకలో ఏడాదిన్నర పిల్ల. పెద్దాయన పశువు తెలిసిన మనిషి. గేదె చుట్టూ రెండుసార్లు తిరిగాడు, కొమ్ములు చూశాడు, పళ్ళు చూశాడు, చర్మం పట్టి లాగి వదిలాడు. పొదుగు కింద చెయ్యి పెట్టి నొక్కాడు. ఆయనకేమీ తగల్లేదు.

"పొదుగు పట్టులా ఉందక్కగారూ" అన్నాడు.

ఆ కూతురికి తల్లి లేదట. చంకలోని పిల్లకి తన పాలు మాన్పించాక ప్యాకెట్ పాలు పడటం లేదని, ఇంట్లో గేదె ఉంటే నికరమైన పాలు దొరుకుతాయని అంది. మా కోడలు వాళ్ళకి మంచినీళ్ళిచ్చి, లోపలికి వెళ్ళిపోయి మళ్ళీ బయటికి రాలేదు. మా అబ్బాయి పలుపుతాడు ముడి విప్పుతూ కడుతూ నిలబడ్డాడు.

మా వైపు గేదెను కొనేవాడు తన చేత్తో పితికి చూసుకోవాలి. అది ఆనవాయితీ. పితికాక మొదటి గ్లాసు గుమ్మపాలు, అంటే పొదుగు వేడి చల్లారని పచ్చిపాలు, కొనే ఇంటివాళ్ళు అక్కడే నిలబడి తాగుతారు. అది అచ్చుబాటు కోసం, పశువు తమ ఇంటికి కలిసిరావాలని. ఇన్ని పశువులు అమ్మీ కొనీ ఈ సంగతి మా తల్లీకొడుకులిద్దరికీ ఎలా తట్టలేదో నాకు ఇప్పటికీ తెలియదు. తట్టినా ఎవరం ఎవరికీ చెప్పుకోలేదేమో.

పెద్దాయన చెయ్యి వేస్తే గేదె ఎగబీల్చుకుంది. ఓ మాట అనండక్కగారూ, మీ గొంతు వింటే చేపేటట్టుంది అన్నాడు నవ్వుతూ. నేను అన్నాను. హా, హా, నిలబడు తల్లీ అన్నాను. చేపింది. నా మాటకే చేపింది. చెంబు సగం నిండాక ఆయన స్టీలు గ్లాసు అడిగాడు. మా అబ్బాయి తెచ్చిచ్చాడు. నురగ పైదాకా పొంగింది. ఆయన తాగలేదు. తన మనవరాలి వైపు తిరిగి వంగాడు.

"ముందు మా యజమానురాలు తాగాలి. రా తల్లీ" అన్నాడు.

పిల్ల రెండు చేతులూ చాపింది. మా అబ్బాయి నా వైపు చూశాడు. నురగ ఆ పిల్ల పై పెదవికి అంటింది. నేనెప్పుడు కదిలానో తెలియదు. గ్లాసు లాగి పాలు నేల మీద ఒంపేశాను. ఇల్లు దాటబోయే పశువు పాలు కొనేవాళ్ళ ఎదుట నేలపాలు చెయ్యడం కంటే అవమానం మా వైపు లేదు. పిల్ల గుక్కపట్టింది. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"ఏంటక్కగారూ, ఇవ్వడం ఇష్టం లేకపోతే నోటితో చెప్పొచ్చుగా?"

"ఇష్టం లేక కాదండీ. జబ్బు. పైకి కనపడదు. మందులకి లొంగదు. నా మనవరాలు ఈ పాలు తాగే రెండుసార్లు ఆసుపత్రిలో పడింది. తెలిసే మిమ్మల్ని రానిచ్చాను."

ఆయన మా అబ్బాయి వైపు తిరిగి, నీకూ తెలుసా బాబూ అని అడిగాడు. వాడు పలుపుతాడు ముడి మళ్ళీ బిగించాడు. ఆ కూతురు చీర చెంగుతో పిల్ల మూతి తుడుస్తోంది. నురగ పోయాక కూడా తుడుస్తూనే ఉంది, పెదవి ఎర్రబడేదాకా. పెద్దాయన బోరింగు దగ్గరికి వెళ్ళాడు.

"సబ్బుందా అండీ?" అన్నాడు.

నా ఇంట్లో పాలు పితికి ఎవరూ సబ్బు అడిగి ఎరగరు. తెచ్చిచ్చాను. మోచేతుల దాకా రెండుసార్లు రుద్దుకున్నాడు. వాళ్ళు వెళ్ళేటప్పుడు కూతురు ఒక్కసారి వెనక్కి తిరిగి నాకు దణ్ణం పెట్టింది. అది తీసుకోవడానికి నాకు మొహం చెల్లలేదు.

తర్వాత మా అబ్బాయి, చెప్పేదానివి వాళ్ళు రాకముందే చెప్పాల్సింది, అంత దూరం తిప్పావు అన్నాడు. వాడన్నది నిజమే. నాలుగు రోజుల్లో మా సందంతా తెలిసింది. పక్కింటావిడ కూడా ఒక గేదెను అమ్మకానికి పెట్టింది. దాన్ని చూడ్డానికొచ్చినవాళ్ళు మా గోడ చూసి వెనక్కి వెళ్ళిపోయారట. వదినగారూ అని పిలవడం మానేసింది. ఇప్పుడు నా గేదెను ఎవరూ కొనరు. తాగడానికి లేదు, పంపడానికి లేదు, వదిలెయ్యడానికి లేదు.

పశువుల డాక్టరమ్మ మళ్ళీ వచ్చి, ఇక దాన్ని వట్టిపోనివ్వడమే అంది. తౌడు, తెలగపిండి ఆపించింది. పచ్చగడ్డి తీసేసి ఎండుగడ్డి మీద పెట్టించింది. పితకడం పూటకొకసారి కాస్తా రోజుకొకసారి, తర్వాత రోజు మార్చి రోజు, తర్వాత అసలు మానెయ్యాలి. ఈనాక మళ్ళీ పరీక్ష చేయిస్తానంది. అప్పుడు కాగితం బాగుంటే బాగున్నట్టు. లేకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. ఇంకొకటి చెప్పింది. పితకడం మానేశాక పాలవేళకి గేదె నన్ను చూడకూడదు, నా గొంతు వినకూడదు. వింటే చేపుతుంది, చేపితే పొదుగులో పాలు మళ్ళీ ఊరతాయి.

పితకడం పూర్తిగా మాని ఇవాళ్టికి నాలుగు రోజులు. మూడున్నర అయ్యేసరికి గది తలుపు వేసుకుని లోపల కూర్చుంటాను. ఐదు దాటేదాకా బయటికి రాను, పెద్దగా మాట్లాడను, దగ్గొస్తే కొంగు నోట్లో కుక్కుకుంటాను. రోజుకో గంటన్నర ఇల్లు నెమ్మదిగా ఉంటోంది అత్తయ్యా అంది కోడలు మొన్న ఆదివారం. దాని మొహంలో కొంచెం నవ్వుంది. నాకూ రాబోయింది గాని ఆపుకున్నాను. గేదె మాత్రం నాలుగింటికి మొదలుపెడుతుంది. ముందు చిన్నగా, తర్వాత మెడ చాచి. నా పేరు పెట్టి పిలిచినా అంత బాధగా ఉండదు.

ఈ సాయంత్రం బడినుంచి వచ్చిన మనవరాలు కిటికీ గట్టెక్కి ఊచలు పట్టుకుని పాక వైపు చూస్తోంది. పాక దగ్గరికి వెళ్ళకూడదని దానికి తెలుసు. నేను మంచం మీద ఇది రాసుకుంటున్నాను.

"మామ్మా, పాలు వాటంతటవే కారుతున్నాయి. పిల్లి వచ్చింది. నాకుతోంది."

లేచి చూశాను. నిజమే, చన్నుల నుంచి బొట్టు బొట్టుగా కారి బండ మీద చిన్న మడుగు కట్టింది. పక్కింటి పిల్లి. మొన్ననే మూడు పిల్లల్ని పెట్టింది. హుష్ అని అరవడానికి నోరు తెరిచాను. అరిస్తే గేదె చేపుతుంది. ఊరుకుంటే పిల్లి తాగుతుంది. మంచం కిందున్న చెప్పొకటి తీసి ఊచల మధ్యనుంచి విసిరాను. తగల్లేదు. పిల్లి తలెత్తి కిటికీ వైపు చూసి, మళ్ళీ తల వంచుకుంది. మనవరాలు చప్పుడు చెయ్యకుండా కిందికి దిగి, నా రెండో చెప్పు తెచ్చి చేతికిచ్చింది.